షోలాపూర్ కోట కోసం సుల్తానుల పోరు

బహమనీ రాజ్యం చీలి పుట్టిన రాజ్యాల్లో బీజాపూర్, అహ్మద్‌నగర్ ఇరుగుపొరుగువి. మతం ఒకటే, 1558 నాటికి రెండు ఆస్థానాలదీ షియా శాఖే. అయినా దశాబ్దాల పాటు కొట్టుకున్నాయి. అసలు గొడవ సరిహద్దు కోటల గురించి, వాటి కింది శిస్తు గురించి. 1524లో బీజాపూర్ ఆడపడుచును అహ్మద్‌నగర్ సుల్తాను బుర్హాన్ నిజాం షా పెళ్లాడినప్పుడు షోలాపూర్‌ను కట్నంగా ఇస్తామన్నారు, ఇవ్వలేదు. దాంతో యుద్ధం మొదలైంది. తర్వాత కల్యాణి కోట కూడా తగాదాలో చేరింది.

ఈ తగవును విజయనగరాన్ని ఏలుతున్న అళియ రామరాయలు తనకు అనుకూలంగా వాడుకున్నాడు. మొదట బుర్హాన్ పక్షాన నిలిచి, 1552 ప్రాంతంలో బీజాపూర్ నుంచి రాయచూరు, ముద్గల్ కోటలు పుచ్చుకున్నాడు. కొత్తగా గద్దెనెక్కిన బీజాపూర్ సుల్తాను అలీ ఆదిల్ షా స్వయంగా విజయనగరం వెళ్లి సాయం అడిగాక, రామరాయలు అహ్మద్‌నగర్ మీదికే సైన్యం నడిపాడు. ఆ దండులో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా కూడా కలిశాడు. సుల్తాను కాకముందు ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నవాడు, తెలుగు కవులను ఆదరించినవాడు ఆయన. ఇంత కలగాపులగమైన పొత్తులను మతవైరంగా చదవడం చరిత్రకు అన్యాయం.

రామరాయల బలం పెరిగేకొద్దీ సుల్తానులకు భయం పట్టుకుంది. అహ్మద్‌నగర్ సుల్తాను హుసేన్ తన కూతురు చాంద్ బీబీని అలీకిచ్చి, షోలాపూర్‌ను కట్నంగా అప్పగించి రాజీపడ్డాడు. గోల్కొండ కూడా వారితో చేరింది. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధంలో రామరాయలు హతుడయ్యాడు.