పిడికిలిలోని కళ్లెం



గుర్రపు స్వారీ నేర్చుకొనేవాడు మొదట నేర్వవలసినది గుర్రాన్ని పరుగెత్తించడం కాదు. కళ్లెం పట్టి ఆపడం. విద్యుత్తుతో నడిచే మోటారు బండికి కూడా ఒక కళ్లెం ఉన్నది. హ్యాండిల్‌కు కుడివైపున ఉండే పిడియే అది. దానిని థ్రాటిల్ అంటారు. మన తెలుగు ఊళ్ళలో బండి నడిపేవారు యాక్సిలేటర్ అంటారు. పిడిని మనవైపు తిప్పితే బండి ముందుకు పోతుంది. వదిలితే అది వెనుకకు తిరిగి మూసుకుంటుంది. ఈ చిన్న పిడి ఎలా పనిచేస్తుందో, దానిని ఎలా అదుపులో ఉంచుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పిడి లోపల ఏమున్నది?

పెట్రోలు బండిలో పిడిని తిప్పితే ఇంజనులోనికి గాలి, పెట్రోలు ఎక్కువగా పోతాయి. విద్యుత్ బండిలో గాలీ లేదు, పెట్రోలూ లేదు. చాలా బండ్ల పిడిలో ఒక చిన్న అయస్కాంతం, దాని పక్కన హాల్ సెన్సర్ అనే చిన్న పరికరం ఉంటాయి. 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికా శాస్త్రవేత్త కనుగొన్న సూత్రంపై ఇది పనిచేస్తుంది. పిడిని తిప్పినప్పుడు అయస్కాంతం జరుగుతుంది. అది ఎంత జరిగిందో సెన్సర్ గుర్తించి కంట్రోలర్ అనే పెట్టెకు తెలుపుతుంది. కంట్రోలర్ ఆ మేరకు బ్యాటరీ నుండి మోటారుకు విద్యుత్తును పంపుతుంది. ఇదంతా కన్నుమూసి తెరిచేలోగా జరిగిపోతుంది.

బండి ఎందుకు ఉరుకుతుంది?

పెట్రోలు ఇంజను కొంత వేగంగా తిరిగిన తరువాతగాని పూర్తి బలం ఇవ్వదు. విద్యుత్ మోటారు అలా కాదు. నిలిచి ఉన్నచోటనే తన లాగుడు బలమంతా చూపగలదు. పైగా చాలా విద్యుత్ బండ్లకు క్లచ్ లేదు, మార్చవలసిన గేర్లు లేవు. ఆగి ఉన్నప్పుడు శబ్దం కూడా లేదు. బండి నిద్రపోతున్నట్లే కనిపిస్తుంది. కాని స్విచ్ వేసి ఉంటే అది మేలుకొనే ఉన్నది. దిగి హ్యాండిల్ పట్టుకొని నెట్టుకుపోయేటప్పుడు చేయి కాస్త తిరిగినా చాలు, బండి చేతులు విడిపించుకొని దూకుతుంది.

బండి బలాన్ని వాట్లలో కొలుస్తారు. బాగా సాధన చేసిన మనిషి సైకిలు తొక్కుతూ ఒక గంటసేపు సుమారు 200 వాట్ల బలం చూపగలడు. మామూలు విద్యుత్ సైకిలు మోటారుకు 250 వాట్లు. కాని చూడడానికి సైకిలువలెనే ఉన్న కొన్ని బండ్ల మోటార్లు 5,000 వాట్లు ఇస్తాయి. అనగా 20 రెట్లు! ఆకారాన్ని చూసి బలాన్ని అంచనా వేయకూడదు.

ఇప్పుడు అసలు ప్రమాదాన్ని గమనించండి. కొత్తవాడు పిడిని కాస్త ఎక్కువగా తిప్పుతాడు. బండి ముందుకు ఉరుకుతుంది. జడత్వం వలన అతని శరీరం వెనుకకు వాలుతుంది. పడిపోకుండా ఉండాలని హ్యాండిల్‌ను మరింత గట్టిగా పట్టుకుంటాడు. శరీరం వెనుకకు పోయేకొద్దీ మణికట్టు కిందికి దిగి, పిడి ఇంకా తిరుగుతుంది. బండి మరింత ఉరుకుతుంది. భయపడినకొద్దీ పట్టు బిగుస్తుంది. పట్టు బిగిసినకొద్దీ వేగం పెరుగుతుంది. ఆ క్షణంలో తెలివి పనిచేయదు, అలవాటు మాత్రమే పనిచేస్తుంది. కనుక మంచి అలవాటును ముందుగానే చేసుకోవాలి.

చేయి ఎలా పెట్టాలి?

పిడి మూసి ఉన్నప్పుడే కుడి మణికట్టు ముంజేతితో సమానంగా గాని, కాస్త కిందుగా గాని ఉండేటట్లు పట్టుకోవాలి. మణికట్టును పైకెత్తి పట్టుకుంటే పిడి చాలా దూరం తిరగడానికి వీలవుతుంది. మోచేతులు కొద్దిగా వంచి, ఒళ్ళు కాస్త ముందుకు వాల్చి, మోకాళ్ళతో బండిని ఒత్తి పట్టి కూర్చోవాలి. శరీరపు బరువును కాళ్ళు మోయాలి. చేతులు బండిని నడపాలి. రెండు వేళ్ళు ఎప్పుడూ బ్రేకు మీద ఉండాలి.

పిడిని వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. మామూలుగా నడిపేటప్పుడు మూయడం కూడా మెల్లగానే. కొన్ని బండ్లలో పిడిని మూయగానే మోటారే వెనుకకు లాగి వేగాన్ని తగ్గిస్తుంది. తడి రోడ్డు మీద అది చక్రాన్ని జార్చవచ్చు.

బండి చేయి దాటిపోతే మాత్రం ఆలస్యం కూడదు. మణికట్టును ముందుకు తోసి పిడిని మూయాలి. రెండు బ్రేకులు పట్టాలి. అప్పటికీ ఆగకపోతే మోటారును ఆపే స్విచ్ నొక్కాలి. కాళ్ళు నేలకు ఆనించి బండిని ఆపబోతే కాళ్ళే విరుగుతాయి. ఈ వరుసను బండి నిలిచి ఉండగానే, విద్యుత్తు ఆపివేసి, పదిసార్లు సాధన చేయాలి.

బయలుదేరే ముందు

1. స్విచ్ వేయకముందే పిడిని తిప్పి వదలండి. అది టక్కున వెనుకకు రావాలి. రాకపోతే బండిని కదపవద్దు.
2. రెండు బ్రేకులు పట్టి చూడండి.
3. వేగపు మెట్లు ఉన్న బండి అయితే అన్నిటికంటె తక్కువ మెట్టు పెట్టుకోండి.
4. దిగిన వెంటనే, నెట్టేముందు, ఎత్తేముందు స్విచ్ ఆపండి.
5. గట్టి హెల్మెట్టు, చేతి తొడుగులు, చీలమండలు కప్పే బూట్లు ధరించండి.

వేగం, దూరం

బ్రిటన్‌లోని హైవే కోడ్ కార్లకు ఇచ్చిన లెక్క ప్రకారం, గంటకు 20 మైళ్ళ వేగంతో పోయే బండి ఆగడానికి 12 మీటర్లు కావాలి. 30 మైళ్ళ వేగమైతే 23 మీటర్లు. వర్షంలో కనీసం దానికి రెట్టింపు. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే దూరం దాదాపు రెండు రెట్లు అయింది, చూశారా? విద్యుత్ బండి చప్పుడు కూడా చేయదు. చూపు లేనివారు, ముసలివారు, చిన్నపిల్లలు మీ రాకను వినలేరు. కనుక జాగ్రత్త వారిది కాదు, మీది.

చట్టం ఏమంటున్నది?

ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సులలో 14 ఏళ్ళు నిండినవారు విద్యుత్ సైకిలు నడపవచ్చును. దానికి తొక్కే పెడళ్ళు ఉండాలి, మోటారు 250 వాట్లకు మించకూడదు, గంటకు 15.5 మైళ్ళు దాటితే మోటారు సాయం ఆగిపోవాలి. అంతకు మించిన బండి చట్టం దృష్టిలో మోటారు సైకిలే. దానికి రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా, హెల్మెట్టు తప్పవు. బీమా లేని బండిని పోలీసులు స్వాధీనం చేసుకొనవచ్చును. రోడ్డుకు ఆమోదం లేని బండిని సొంత స్థలంలోనో, యజమాని అనుమతి ఇచ్చిన స్థలంలోనో మాత్రమే నడపాలి. పార్కులు, కాలిబాటలు అందుకు పనికిరావు.

సెలవులకు హైదరాబాదో, విశాఖపట్నమో పోయినప్పుడు మామయ్య తాళాలిచ్చి "ఒక చుట్టు తిరిగి రారా" అంటే ఏం చేస్తారు? భారతదేశంలో కూడా 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు దాటిన బండికి లైసెన్సు కావాలి. "లైసెన్సు వచ్చాక నడుపుతాను మామయ్యా" అని చెప్పి వెనుక కూర్చోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

నిదానమే ప్రధానమని మన పెద్దలు అన్నారు. పిడిని తిప్పడం ఎవరికైనా ఒక్క నిమిషంలో వస్తుంది. సమయానికి మూయడం వచ్చినవాడే బండి నడపడం వచ్చినవాడు.

అభ్యాసము

1. విద్యుత్ బండి పిడి పనిచేసే విధానాన్ని మీ మాటలలో వివరించండి.
2. భయపడినకొద్దీ బండి వేగం ఎందుకు పెరుగుతుంది?
3. మీ ఇంట్లో గాని, వీధిలో గాని ఉన్న ఒక విద్యుత్ సైకిలు మోటారు ఎన్ని వాట్లదో పెద్దలను అడిగి తెలుసుకోండి. అది సైకిలో, మోటారు సైకిలో నిర్ణయించి, కారణాలు ఐదు వాక్యాలలో రాయండి.