పాత బండికి ఏ ఇంజను?

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా పరుచుకున్న మా కరిసల్ నేలలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడతాం. మోటారు షెడ్డులో అడుగు పెడితే మాత్రం రెండూ కలిసిన మూడో భాష మొదలవుతుంది. "వాల్వు గ్రైండింగ్ చేస్తే సాలప్పా, బోరు జోలికి పోవద్దు" అని మేస్త్రీ అంటే మా తరం మగవాళ్ళలో సగం మందికి అర్థం చెప్పనక్కరలేదు. ఈ గోల మనకెందుకు అనుకునే ఆడపడుచులు కూడా కాస్త ఓపిక పట్టి చదవాలని మనవి. ఈ కథలో తీర్పు చెప్పింది ఒక అమ్మే.

మనవాళ్ళకు ఇంజన్ల మీద ఈ మమకారం ఎక్కడిది అంటే, నాకు తోచిన జవాబు బావి. వాన తక్కువ నేల. ఎద్దులతో మోట తోలిన వాళ్ళు ఆయిల్ ఇంజను రాగానే దాన్ని విప్పడం, బిగించడం నేర్చుకున్నారు. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు గారు మన భాషవారే. పెద్ద చదువు లేకుండానే, కూలి డబ్బు కూడబెట్టి ఒక మోటారు సైకిలు కొని, దాన్ని ముక్కలుగా విప్పి మళ్ళీ బిగించారని చెప్పుకుంటారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య బస్సు నడిపారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలుకు రేషను పెడితే, బస్సు వెనక పొయ్యి కట్టి, బొగ్గు మండించి, ఆ గ్యాసుతోనే బస్సులు నడిపారు. మా తాతల తరం ఆ బొగ్గు బస్సుల్లోనే పెళ్ళిళ్ళకు పోయింది. ఉన్న బండికి దొరికిన ఇంధనం అలవాటు చేయడం మనకు కొత్త కాదు.

ఇక అసలు సంగతి. మా తాయిల్పట్టి మిత్రుడి ఇంట్లో 1972 నాటి అంబాసిడర్ ఒకటి ఉంది. వాళ్ళ నాయన కొన్నది. కొన్నప్పుడు అందులో ఉన్నది 1489 సీసీ పెట్రోలు ఇంజను. 1980ల చివర్లో ఆయనే దాన్ని దించి, అంబాసిడర్‌కే వచ్చిన డీజిల్ ఇంజను పెట్టించారు. ఆ రోజుల్లో ఊరూరా జరిగిన పనే అది. డీజిలు ధర పెట్రోలులో సుమారు సగం. పెట్రోలు అంబాసిడర్ లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు పోతే డీజిలుది పద్నాలుగు దాకా పోయేది. అంటే కిలోమీటరు ఖర్చు మూడో వంతుకు దిగేది. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి అని రోజూ తిరిగే వ్యాపారికి ఇంతకంటే వేరే లెక్క అక్కరలేదు.

ఆ మార్పిడి మరీ కష్టమూ కాదు. ఆ డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజను వంశంలోదే, బ్రిటిష్ బీఎంసీ వాళ్ళ నమూనా. అందుకని చాలావరకు ఉన్న చోటే కూర్చునేది. మెర్సిడెస్ లైసెన్సుతో తయారైన మాటడార్ ఇంజను పెట్టించుకున్న వాళ్ళకే అసలు తిప్పలు. మౌంటింగులు కొత్తగా చేయించాలి, రేడియేటరు జరపాలి, బరువుకు ముందు టార్షన్ బార్లు కుంగుతాయి. డీజిల్ ఇంజను తక్కువ చుట్లు తిరుగుతుంది కనుక డిఫరెన్షియల్ పళ్ళ లెక్క కుదరకపోతే, బండి అరవడమే గాని పరుగు ఉండదు. పంపు నుంచి మిగిలిన డీజిలు టాంకుకు తిరిగి పోవడానికి ఇంకో పైపు కావాలి. వాక్యూమ్ బూస్టరు బ్రేకులున్న బండి అయితే వాక్యూమ్ పంపు కూడా పెట్టాలి, ఎందుకంటే డీజిల్ ఇంజనులో పెట్రోలు ఇంజనులా దానంతట అది వాక్యూమ్ పుట్టదు. చవకగా చేసే షెడ్లలో ముందు వదిలేసేది దీన్నే. డీజిలు మిగిలిందని సంతోషించేవాడు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు దేవుణ్ణి తలుచుకునేవాడు.

మిత్రుడి నాయన పోయి కొన్నేళ్ళయింది. డీజిల్ ఇంజను పొగ ఎక్కువై, చలికాలం పొద్దున ఎంతకీ అందుకోవడం మానేసింది. చెన్నైలో ఉన్న తమ్ముడు పాత ఇనుముకు వేసేయమన్నాడు. మా నలుగురికీ మనసొప్పలేదు. నలుగురమంటే ఆ మిత్రుడు, లారీలున్న ఇంకొకడు, శివకాశిలో అచ్చు పని చేసే బావ, నేను. ఆదివారం సాయంత్రాలు వేపచెట్టు కింద కూర్చుంటే వేరే మాట లేదు.

లారీల మిత్రుడు డీజిలు పక్షం. బావ ఇసుజు పక్షం. 1990ల తొలి సంవత్సరాల్లో అంబాసిడర్‌కే వచ్చిన 1817 సీసీ పెట్రోలు ఇంజను, అయిదు గేర్లు, "ఎక్కి కూర్చుంటే ఏరోప్లేనే" అంటాడు. ఇంకెవరో దారిన పోతూ గ్యాసు పెట్టమన్నారు. ఆమోదం పొందిన కిట్టుతో గ్యాసు పెట్టుకోవడం చట్టానికి సమ్మతమే. కానీ ఆయన చెప్పింది వంటింటి సిలిండరు సంగతి. బాణసంచా ఊళ్ళో కూర్చుని ఆ మాట అనడానికి ఎంత ధైర్యం ఉండాలో చూడండి!

నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. పెట్రోలు ధరను 2010లో, డీజిలు ధరను 2014లో ప్రభుత్వం మార్కెట్టుకు వదిలేశాక ఆ సగం ధర కథ ముగిసింది. ఈమధ్య తమిళనాడులో రెంటికీ తేడా లీటరుకు పది రూపాయల లోపే. ఈ బండి ఏడాదికి తిరిగేది మహా అయితే 2,000 కిలోమీటర్లు. డీజిలు వల్ల మిగిలేది ఏడాదికి 9,000 రూపాయలు. దాని బోరు, పంపు, ఇంజెక్టర్లు అన్నీ చేయించడానికి మేస్త్రీ వేసిన అంచనా 60,000. లారీల మిత్రుడు కాగితం రెండుసార్లు చూసి, ఏమీ అనకుండా వక్క నోట్లో వేసుకున్నాడు.

బావను ఆపింది చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా బండి స్వరూపం మార్చకూడదు. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీం కోర్టు గట్టిగా చెప్పింది. ఆర్.సి.లో ఒక ఇంజను, బానెట్ కింద ఇంకొకటి ఉంటే, ఏదైనా జరిగిన రోజు బీమా వాళ్ళు ముందు చూసేది దాన్నే.

ఈ తర్జనభర్జన వింటూ వాకిట్లో చేటలో పప్పు చెరుగుతున్న మిత్రుడి తల్లి అప్పుడు అడిగింది. "మీ నాయన తెచ్చినప్పుడు ఈ బండి ఇట్ట అరవలేదు గదరా. ఆ ఇంజను ఏమాయె?"

ఆ ఇంజను ఎక్కడికీ పోలేదు. పశువుల కొట్టంలో, గోనెసంచుల కింద, ముప్ఫై ఏళ్ళకు పైగా పడి ఉంది. శివరాత్రికి కులదైవం గుడికి ఆ బండిలోనే పోవాలని ఆమె కోరిక. మాకు చేతిలో ఉన్నది మూడు నెలలు.

పిస్టన్లు పట్టేసి ఉన్నాయి. బోర్లలో నూనె పోసి పది రోజులు నానబెట్టాం. మదురైలో బోరు చేయించి, కొత్త పిస్టన్లు వేశాం. హెడ్డు దగ్గర ఒక ముఖ్యమైన పని ఉంది. ఈ ఇంజను పుట్టిన కాలంలో పెట్రోలులో సీసం కలిపేవారు. వాల్వులు కూర్చునే చోట ఆ సీసమే పూతలా పనిచేసేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. దాంతో పాత పోత ఇనుము సీట్లు అరిగి వాల్వులు లోపలికి దిగిపోతాయి. అందుకని గట్టి లోహపు సీట్లు దిగగొట్టించాం. పాత పెట్రోలు బండి ఉన్నవాళ్ళు హెడ్డు ఎలాగూ విప్పితే ఈ పని వాయిదా వేయకండి.

తరువాతి శత్రువు ఎథనాలు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఎథనాలు కలిసిన పెట్రోలు. పాత కాలపు రబ్బరు గొట్టాలను, పంపులోని డయాఫ్రంను, కార్బొరేటరులోని కార్కు వాషర్లను అది మెత్తబరుస్తుంది, పగలగొడుతుంది. గాలిలోని తేమనూ పీలుస్తుంది. నెలల తరబడి కదలని బండికి అది మరీ చెరుపు, టాంకు లోపలినుంచి తుప్పు పడుతుంది. మేము గొట్టాలన్నీ ఎథనాలుకు తట్టుకునే రకం వేశాం, టాంకు కడిగించాం, అద్దం గిన్నె ఉన్న ఫిల్టరు పెట్టాం. అడుగున నీరు చేరితే కంటికి కనబడుతుంది. ఎథనాలులో సత్తువ పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ కనుక మైలేజి కొంత తగ్గుతుంది. కార్బొరేటరును కాస్త చిక్కగా సర్దితే బండి తడబడదు. ఖరీదైన ప్రీమియం పెట్రోలు మాత్రం దండగ. ఇంత తక్కువ కంప్రెషను ఇంజనుకు మామూలు పెట్రోలే ఎక్కువ.

ఇంజను ఎక్కించడానికి చైన్ పుల్లీతో ఒక పగలు పట్టింది. ఆర్.సి.లో డీజిలు కొట్టించి పెట్రోలు రాయించడానికి అంతకంటే ఎన్నో రెట్లు పట్టింది. ఆ కార్యాలయం పేరు ఎందుకులెండి. యాభై ఏళ్ళు దాటి, ఇంజనుతో సహా అసలు రూపంలోనే ఉన్న బండ్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషను తెచ్చింది. తీసుకుందామా అని అనుకున్నాం. కానీ అలాంటి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీ తిరుగుడుకు తీయకూడదు. గుడికి పోవడం ర్యాలీ కిందికి వస్తుందా అని బావ అడిగాడు. వద్దనుకున్నాం.

శివరాత్రి తెల్లవారుజామున అమ్మ ముందు సీట్లో కూర్చుంది. సాత్తూరు దాటేదాకా ఆమె మాట్లాడలేదు. తరవాత, "ఇంజను ఆపేసినారా ఏమి?" అని అడిగింది.

దించిన డీజిల్ ఇంజను ఇప్పుడు అదే కొట్టంలో, అవే గోనెసంచుల కింద ఉంది. లారీల మిత్రుడు దాన్ని తన పాత జీపుకు అడుగుతున్నాడు. సెక్షను 52 ఇంకోసారి చదివి వినిపించాలి.