గంట మీది అక్షరాలు
(రేడియో ప్రసంగ పాఠము)



ఈ మధ్య వీరులపాడు దగ్గర ఒక పల్లెకు ఆరాధన జరిపించడానికి వెళ్లాను. అక్కడ పాత పెంకుల మందిరం తీసివేసి స్లాబు వేస్తున్నారు. వేపచెట్టు కింద పాత గంట బోర్లించి ఉంది. ఆరాధన అయిన తరువాత సంఘపెద్ద ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "అయ్యగారూ, పాత సామాను కొనేవాళ్లు దీన్ని తూకానికి అడుగుతున్నారు. సిమెంటుకు డబ్బు తక్కువ పడింది. ఇచ్చేయమంటారా?" అన్నారు. ఇంతలో మరొక పెద్దాయన, "వద్దండీ, అది దొరల కాలం నాటిది, రెండు వందల ఏండ్ల గంట" అన్నారు. అయితే గంట మీద ఏమి రాసి ఉందో ఆ ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

ఇట్టి సంగతి మీ సంఘంలోనూ రావచ్చును. కనుక ఒక పాత గంట ఏమిటో, ఎప్పటిదో తెలుసుకొనే విధానం ఈ రోజు చెప్పుకుందాం.

ముందుగా ఒక నిజమైన సంగతి వినండి. న్యూజిలాండులో విలియం కొలెన్సో అనే మిషనరీ ఉండేవారు. ఆయన 1834లో ముద్రణాయంత్రంతో అక్కడికి వెళ్లి, 1837లో మావోరీ భాషలో క్రొత్త నిబంధన అచ్చువేసిన మనిషి. సుమారు 1836లో వాంగరే ప్రాంతంలో మావోరీ స్త్రీలు ఒక కంచు పాత్రలో దుంపలు ఉడకబెట్టుకోవడం ఆయన చూశారు. గాలివానకు కూలిన పెద్ద చెట్టు వేళ్ల కింద అది తమకు దొరికిందని వారు చెప్పారు. ఆయన వారికి ఒక ఇనుప కుండ ఇచ్చి దాన్ని తీసుకున్నారు. చూస్తే అది పాత్ర కాదు, అంచు విరిగిపోయిన గంట! దాని చుట్టూ ఏవో అక్షరాలున్నాయి. తరువాతి కాలంలో తమిళం తెలిసినవారు వాటిని చదివి, మొహైదీన్ బక్ష్ ఓడ గంట అని అర్థం చెప్పారు. మన పొరుగు భాష ఎంత దూరం వెళ్లిందో చూశారా! ఆ గంట నేడు వెల్లింగ్టన్ నగరంలోని తె పాపా మ్యూజియంలో ఉన్నది.

మరి దాని వయస్సు ఎంత? అందులో కొన్ని అక్షరాలు ఇప్పటి తమిళంలో వాడని పాత రూపంలో ఉన్నాయి. దాన్నిబట్టి 500 ఏండ్ల నాటిదని కొందరన్నారు. అంత పాతది కాదనేవారూ ఉన్నారు. ఇంకొందరు మరీ ముందుకుపోయి, తెల్లవారికంటే ముందే తమిళులు న్యూజిలాండు చేరారని కథ అల్లారు. అక్షరాలు చెప్పింది అది ఏ ఓడ గంటో అంతే. ఆ ఓడ ఎప్పుడు వచ్చిందో, అసలు వచ్చిందో లేదో గంట చెప్పలేదు. గంట చెప్పినంతే మనమూ చెప్పాలి.

అక్షరాల రూపాన్నిబట్టి కాలం కట్టడం మనకు కొత్త కాదు. మన జగ్గయ్యపేట ధనంబోడు స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ అనే దొర పరిశోధించారు. అక్కడి స్తంభాల మీద బ్రాహ్మీ లిపిలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ ఏడు అని ఉంది. క్రీస్తు శకం అని అందులో లేదు. రాజు పేరునుబట్టీ లిపినిబట్టీ పండితులు దాన్ని 3వ శతాబ్దానిదని నిర్ణయించారు.

ఇక మన గంట సంగతి. మొదట అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే అది ఇనుమో ఉక్కో. అతుక్కోకపోతే కంచు కావచ్చును. గంట కంచులో సుమారు నాలుగు పాళ్లు రాగి, ఒక పాలు తగరం ఉంటాయి. రెండవది, పైన తగిలించే చోటు చూడండి. పాత గంటలకు అక్కడ కడియాల వంటి చెవులు పోతపోసి ఉంటాయి. తరువాతివాటిలో చాలావాటికి పైభాగం చదునుగా ఉండి బోల్టులు ఉంటాయి. మూడవది, అక్షరాలు. ఉబ్బెత్తుగా ఉంటే పోతతోపాటు వచ్చినవి. ఉలితో చెక్కినవైతే తరువాత ఎవరో దాత చెక్కించి ఉండవచ్చును. నాలుగవది, పోతపోసినవారి పేరు. లండనులోని వైట్‌చాపెల్ కార్ఖానా 1865 నుండి 1968 వరకు మియర్స్ అండ్ స్టెయిన్‌బ్యాంక్ అనే పేరుతో నడిచింది. కనుక సంవత్సరం లేకపోయినా పేరే కాలాన్ని చెబుతుంది.

ఒక జాగ్రత్త! చింతపండు, ఇసుక వేసి తోమకండి. అక్షరాలు అరిగిపోతాయి. తడిగుడ్డతో తుడిచి, పలుచని కాగితం పరచి పెన్సిలుతో మెల్లగా రుద్దండి. చీకటి పడ్డాక టార్చిలైటు పక్కనుండి వేసి ఫొటో తీయండి. సంఘపు లెక్కల పుస్తకాలూ, బాప్తిస్మపు రిజిస్టర్లూ వెదకండి.

ఆ పల్లెలో మేమూ అలాగే తుడిచాము. మసి కింద నుండి ఆ వైట్‌చాపెల్ వారి పేరే తేలింది! అంటే 1865కు ముందుది కాదు. మన మెట్ట ప్రాంతంలో రాఘవాపురం పాగోలు వెంకయ్యగారు బాప్తిస్మం పొందినది 1859లో. అంతకుముందు ఈ పల్లెల్లో గంట మ్రోగించి పిలవడానికి సంఘమే లేదు కదా! రెండు వందల ఏండ్లన్న పెద్దాయన కాసేపు చిన్నబుచ్చుకున్నారు. తూకానికి ఇద్దామన్న ఆయన మాత్రం వంగి ఆ అక్షరాలను వేలితో తడిమి చూసి, "మా తాత పెండ్లికి మ్రోగింది ఇదేనండీ. సిమెంటు సంగతి మేము చూసుకుంటాము" అన్నారు.

ప్రియులారా, గంటను పెద్దది చేయడానికి వయస్సు పెంచి చెప్పనక్కరలేదు. పాతదని చులకన చేయనూ కూడదు. అమ్మేముందు, తోమేముందు, గొప్ప చెప్పుకొనేముందు ఒక్కసారి చదవండి.