బంతి వెంట ఇందూరు అమ్మాయి

గుగులోతు సౌమ్య పేరు మీలో ఎందరు విన్నారు? నిఖత్ జరీన్ అంటే మా రుద్రంగిలో చిన్నపిల్లలు కూడా గుప్పిట బిగించి చూపిస్తారు. అదే నిజామాబాద్ నుంచి వచ్చిన సౌమ్య గురించి అడిగితే మాత్రం "ఏ సౌమ్య?" అంటారు. మాకు నిజామాబాద్ పరాయిదేం కాదు. కథలాపూర్, కోరుట్ల దాటి, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా బస్సులో పోయేదే. అక్కడి అమ్మాయిని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2025లో దేశంలోనే ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. ఈ మాట చెబితే మా వాడకట్టు ఆడవాళ్ళు మొదట నమ్మలేదు.

సౌమ్య 2001లో పుట్టింది. లంబాడా కుటుంబం. మొదట్లో పరుగు పందేలంటే ఇష్టం, తర్వాత ఫుట్‌బాల్‌కు మళ్ళింది. ఆలోచిస్తే అదేం వింత కాదు. ఆమె ఆడేది మైదానం అంచు వెంట, ప్రత్యర్థిని దాటుకుని దూసుకుపోయే చోటు. అక్కడ కాళ్ళలో వేగం లేకపోతే ఎంత నైపుణ్యం ఉన్నా సగమే.

ఇదంతా మా పక్కింటామెకు ఉత్సాహంగా చెప్పాను. ఆమె కూతురు తొమ్మిదో తరగతి. బడిలో మగపిల్లలతో సమానంగా ఉరుకుతుంది. ఆమె చేటలో తునికాకు కత్తిరిస్తూనే, "ఆటలు ఇంక చాలక్కా. పెద్దమనిషయింది. రేపు సంబంధాలొస్తే ఏమని చెప్పాలె? బీడీలు నేర్చుకుంటె చేతిల నాలుగు పైసలన్న ఉంటయి" అంది. భర్త దుబాయిలో. ఇంటి బరువంతా ఆమెదే. ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయడానికి నాకు నోరు రాలేదు. మా వైపు బీడీల పి.ఎఫ్. ఉన్న పిల్లకు సంబంధం సులువుగా కుదిరిన రోజులు నేనూ చూశాను.

అయితే సౌమ్యకు ఆట ఏమిచ్చిందో చూడండి. 2021 నాటికి భారత జట్టులోకి వచ్చింది. కేరళలోని గోకులం క్లబ్బుకు ఆడింది. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా దేశంలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. మన తండా పిల్ల యూరప్ క్లబ్బు చొక్కా తొడుక్కోవడం! తర్వాత కలకత్తా ఈస్ట్ బెంగాల్. 2024-25 మహిళల లీగ్‌లో తొమ్మిది గోల్స్ చేసింది. ఒడిశా జట్టుపై 1-0తో గెలిచి ఈస్ట్ బెంగాల్ తొలిసారి ఆ లీగ్ టైటిల్ అందుకున్న రోజున ఆ ఒక్క గోలూ సౌమ్యదే.

అన్ని దేశాల్లోనూ ఆట అన్నం పెట్టదు లెండి. ఐర్లండ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ అని ఒకటుంది. బంతిని కాలితో తన్నవచ్చు, చేత్తో పట్టుకోనూవచ్చు. దేశమంతా ఊగిపోయే ఆట, కానీ ఆటగాళ్ళకు జీతం లేదు. ఆదివారం వేలమంది ముందు ఆడి, సోమవారం ఎవరి ఉద్యోగానికి వాళ్ళు పోవాలి. కోరా స్టాంటన్ అనే ఆవిడ పదమూడేళ్ళకే మేయో కౌంటీ పెద్దల జట్టులోకి వచ్చి, నాలుగుసార్లు జాతీయ టైటిల్ గెలిచింది. ఆటకు డబ్బు తీసుకున్నది మాత్రం 2018లో, ముప్ఫై ఆరేళ్ళ వయసులో, ఆస్ట్రేలియా వెళ్ళి అక్కడి మరో రకం ఫుట్‌బాల్ ఆడినప్పుడే. అయినా ఆ దేశంలో పల్లెపల్లెకూ క్లబ్బు ఉంటుంది, ఆడపిల్లలకూ జట్టుంటుంది. నాకు అసూయ కలిగించింది అదే. మన దగ్గర మైదానమంటే పొద్దున మగపిల్లల క్రికెట్, సాయంత్రం మగపిల్లల వాలీబాల్.

2025 జూన్‌లో థాయిలాండ్‌లో మన అమ్మాయిలు మంగోలియాను 13-0తో ఓడించారు. ఆఖరి మ్యాచ్‌లో ఆతిథ్య జట్టును కూడా 2-1తో గెలిచి, 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించారు. మంగోలియా మీద చేసిన గోల్స్‌లో సౌమ్యవీ ఉన్నాయి.

ఫోనులో ఆ గోల్స్ పక్కింటామెకు చూపించాను. చేతిలో కత్తెర ఆపి చూసింది. "ఉరుకుడు మా పిల్ల లెక్కనే ఉంది గద" అని, కాసేపాగి అడిగింది: "ఆ బూట్లు ఎంతుంటయక్కా?"