ఫేజ్-1 ట్రయల్‌లో చేరతారా అని అడిగితే...

క్యాన్సర్ ఇతర భాగాలకు పాకింది. అందుబాటులో ఉన్న చికిత్సలన్నీ అయిపోయాయి. అప్పుడు డాక్టర్ ‘కొత్త మందు మీద ఫేజ్-1 ట్రయల్ జరుగుతోంది, చేరతారా?’ అని అడిగారనుకోండి. ఇంట్లోవాళ్లకు ఒకపక్క ఆశ, మరోపక్క ‘మనిషి మీద ప్రయోగాలు చేస్తారేమో’ అన్న భయం. నిర్ణయం తీసుకునే ముందు ఆ ట్రయల్ దేనికోసమో తెలుసుకోవాలి.

అసలు ప్రశ్న మోతాదే

ఫేజ్-1లో ప్రధానంగా చూసేది జబ్బు తగ్గుతుందా అని కాదు, ఎంత మోతాదు వరకు శరీరం తట్టుకుంటుందని. చాలా ట్రయల్స్‌లో మొదట ముగ్గురికి తక్కువ మోతాదు ఇచ్చి కొన్ని వారాలు గమనిస్తారు. తీవ్రమైన దుష్ప్రభావాలు లేకపోతే తర్వాతి ముగ్గురికి కాస్త పెంచుతారు. ఒకరికి వస్తే అదే మోతాదును మరో ముగ్గురికి ఇచ్చి చూస్తారు. ఇద్దరికి వస్తే అక్కడితో పెంచడం ఆపేస్తారు.

జన్యుమార్పుకే గురి

టార్గెటెడ్ మందులు కణితిలోని నిర్దిష్ట జన్యుమార్పుపై పనిచేస్తాయి. అందుకే చేరేముందు తరచూ కణితి ముక్కకో, రక్తానికో జన్యుపరీక్ష చేస్తారు. ‘కేరాస్’ జన్యువునే తీసుకోండి. దశాబ్దాల పాటు అది మందులకు లొంగదనే అనుకున్నారు. 2013లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు ఆ ప్రొటీన్‌లో మందు అతుక్కునే చోటును కనిపెట్టారు. అదే దారిలో వచ్చిన సోటోరాసిబ్ ఫేజ్-1 ఫలితాలు 2020లో వెలువడ్డాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 59 మందిలో 32 శాతం మందికి కణితి బాగా కుంచించుకుపోయింది. పెద్దపేగు క్యాన్సర్ ఉన్న 42 మందిలో మాత్రం ముగ్గురికే ఆ ఫలితం దక్కింది. జన్యుమార్పు ఒకటే అయినా అవయవాన్ని బట్టి ఫలితం మారింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆ మందును 2021లో అమెరికా అనుమతించింది.

సంతకానికి ముందు

మన దేశంలో 2019 నాటి నిబంధనల ప్రకారం ట్రయల్‌కు ఎథిక్స్ కమిటీ ఆమోదం తప్పనిసరి. అంగీకార పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం అందాలి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. దానివల్ల మీ మామూలు వైద్యం ఆగకూడదు.

డాక్టర్‌ను ఇవి అడగండి:

* ఇప్పటివరకు ఎంతమందికి ఇచ్చారు? ఏం దుష్ప్రభావాలు కనిపించాయి?
* నాకు ఇచ్చేది ఎన్నో మోతాదు?
* ఎన్నిసార్లు ఆస్పత్రికి రావాలి? ప్రయాణ ఖర్చులు ఎవరివి?
* చేరకపోతే నాకున్న దారులేమిటి?

చేరినా, చేరకపోయినా నొప్పి, ఆయాసం, నిద్రలేమి తగ్గించే పాలియేటివ్ వైద్యం మానొద్దు. ఆ పత్రాన్ని ఇంటికి తీసుకెళ్లి, అందరూ కూర్చుని చదివాకే సంతకం చేయండి.