పాపం లేని ప్రలోభం: ‘ది సెవెన్ ఇయర్ ఇచ్’ ఎందుకు తేలిపోయింది?

హాస్యానికి పరిణామం ప్రాణం. పాత్ర ఒక తప్పు చేస్తుంది, లేదా చేయబోతుంది. దాని ఫలితాన్ని తప్పించుకోవడానికి పడే పాట్లలోంచి నవ్వు పుడుతుంది. తప్పుకు తావే లేకుండా చేస్తే పాట్లు మిగులుతాయి గాని వాటికి అర్థం మిగలదు. బిల్లీ వైల్డర్ 1955లో తీసిన అమెరికన్ చిత్రం ‘ది సెవెన్ ఇయర్ ఇచ్’ ఇందుకు మంచి నిదర్శనం. సమర్థుడైన దర్శకుడు, రంగస్థలం మీద విజయం సాధించిన నాటకం, మార్లిన్ మన్రో - ఇన్ని ఉండీ ఆ చిత్రం నిరాశ ఎందుకు కలిగిస్తుందో తెలుసుకోవడం సాహిత్య విద్యార్థులకు ఉపయోగకరం.

‘ఏడేళ్ల దురద’ అన్నది మొదట వదలని గజ్జికి అమెరికాలో వాడిన మాట. జార్జ్ ఆక్సెల్‌రాడ్ 1952లో ఇదే పేరుతో రాసిన నాటకంతో అది దాంపత్యంలో ఏడేళ్లకు పుట్టే విసుగుకు పేరైంది. కథ చిన్నది. రిచర్డ్ షెర్మన్ న్యూయార్క్‌లో చవక పుస్తకాలు వేసే ప్రచురణ సంస్థ ఉద్యోగి. వేసవిలో భార్యనూ కొడుకునూ చల్లని మెయిన్ రాష్ట్రానికి పంపి తానొక్కడే మిగులుతాడు. పై వాటాలోకి ఒక యువతి దిగుతుంది. ఇక అతని మనసు నిలవదు.

నాటకంలో వారిద్దరికీ సంబంధం ఏర్పడుతుంది. ఆ తర్వాత అతన్ని పట్టి పీడించే భయమూ అపరాధభావమూ నాటకానికి ఇంధనం. సినిమాలో ముద్దుకు మించి ఏమీ జరగదు. కారణం ఆనాటి హాలీవుడ్ నిర్మాణ నియమావళి. 1930లో రూపొంది, 1934 నుంచి కఠినంగా అమలైన ఆ నియమావళి వ్యభిచారాన్ని ఆకర్షణీయంగా చూపరాదన్నది. హాస్యానికి అది తగిన వస్తువే కాదన్నది. పడకలో ఒక తలపిన్ను పనిమనిషికి దొరికినట్టు చూపి ఊరుకుందామని వైల్డర్ అనుకున్నాడు. దానికీ వీలు దొరకలేదు. సెన్సారు వల్ల చిత్రం చచ్చుబడిందని తర్వాతి కాలంలో ఆయనే ఒప్పుకున్నాడు.

ఫలితం ఏమిటి? ఏ పాపమూ చేయని మనిషి చేసినవాడిలా గంటన్నరసేపు వణుకుతాడు. తనలో తాను మాట్లాడుకుంటాడు, పగటి కలలు కంటాడు. రంగస్థలం మీద ప్రేక్షకులతో రహస్యం పంచుకున్నట్టుండే స్వగతం తెరమీద సాగదీతగా మారింది. నాటకంలోనూ సినిమాలోనూ ఆ పాత్ర వేసినవాడు టామ్ యూయలే. కనుక నటుణ్ణి తప్పుపట్టలేం.

అయితే నేరమంతా సెన్సారు మీదికి నెట్టితే విమర్శ సగంలోనే ఆగుతుంది. రెండో లోపం దృక్పథానిది. ఆ యువతికి కథలో పేరే లేదు. ఆమె టెలివిజన్‌లో పళ్లపేస్టు ప్రకటనలు చేసి బతికే మనిషి. చివర్లో ఆమె ఒక మంచి మాట అంటుంది: గర్వంగా తిరిగే అందగాడికన్నా, మూలన బెరుకుగా కూర్చున్న మనిషే ఆడదాన్ని ఆకర్షించవచ్చునని. చిత్రం మొత్తంలో ఒక స్త్రీ ఏమనుకుంటుందో తెలిసే ఘట్టం ఇదొక్కటే అనవచ్చు. దర్శకుడు దాన్ని అక్కడే వదిలేసి నాయకుణ్ణి భార్య దగ్గరికి పరుగెత్తిస్తాడు. ఆ భార్య హెలెన్ సంగతీ అంతే; ఎక్కువభాగం ఫోనులో గొంతుగా, భర్త ఊహల్లో బొమ్మగా మాత్రమే ఉంటుంది. ఇద్దరు స్త్రీలూ ఒక మగవాడి కంగారుకు సాధనాలు.

వ్యాపారం ఈ లోటును మరోలా పూడ్చుకుంది. 1954 సెప్టెంబరులో లెక్సింగ్టన్ అవెన్యూలో భూగర్భ రైలు గాలికి మన్రో తెల్లగౌను ఎగిరే దృశ్యాన్ని జనసమూహం మధ్య చిత్రీకరించారు. జనం గోల వల్ల మళ్లీ స్టూడియోలో తీశారు. ప్రపంచమంతా ఎరిగిన ఆ నిలువెత్తు ఛాయాచిత్రం సినిమాలో ఎక్కడా లేదు. కథలో నిషేధించినదాన్నే గోడపత్రికలో అమ్మారన్నమాట. ప్రలోభాన్ని ఖండించే నీతి, దాన్నే సరుకుగా మార్చే మార్కెట్టు - రెండూ ఒకే ఇంటివి.

ఇదే వైల్డర్ 1960లో ‘ది అపార్ట్‌మెంట్’ తీశాడు. అమలు కొంత సడలినా నియమావళి అప్పటికింకా ఉంది. 1968లో గాని అది పోలేదు. వస్తువూ అదే: వివాహితుల చాటు వ్యవహారాలు. కాని ఈసారి ఆయన పై అధికారుల కళ్లతో చూడలేదు. పదోన్నతి కోసం తన గది తాళంచెవి వారికి అప్పగించే బీమా కంపెనీ గుమాస్తా వైపు నుంచి, ఒక అధికారి మాట నమ్మి మోసపోయిన లిఫ్టు నడిపే అమ్మాయి వైపు నుంచి చూశాడు. క్రిస్మస్ కానుకగా ఆ అధికారి ఆమెకు వంద డాలర్ల నోటు ఇస్తాడు. ఆ ఒక్క చర్యతో ప్రలోభం వెనకున్న అధికార సంబంధం బట్టబయలవుతుంది. ఆమె నిద్రమాత్రలు మింగుతుంది. అయినా అది హాస్యచిత్రమే, ఉత్తమ చిత్రంతో సహా అయిదు ఆస్కార్లు పొందిన చిత్రం.

కాబట్టి సెన్సారు వస్తువును కుదించగలదు, దృక్పథాన్ని మాత్రం రచయితే ఎంచుకుంటాడు. దాంపత్యం గురించి నవ్వించదలచినవారు ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ సరదాకు మూల్యం చెల్లించేది ఎవరు? ఆ మనిషికి కథలో పేరూ నోరూ ఇస్తే నవ్వు దానంతటదే పదునెక్కుతుంది.