సర్కారు వారి చీటీ పాట

చీటీ పాట మనకు కొత్తేం కాదు. అవసరమున్న మనిషి తగ్గించి పాడి తక్కువ తీసుకుంటుంది, తర్వాత మొత్తం కడుతుంది. కేంద్ర ప్రభుత్వమూ ఇంచుమించు అలాగే అప్పు చేస్తుందంటే నమ్ముతారా?

పన్నులొచ్చే రోజులు వేరు, జీతాలూ పింఛన్లూ ఇవ్వాల్సిన రోజులు వేరు. ఆ మధ్యకాలం గడవడానికి ట్రెజరీ బిల్లులు అమ్ముతారు. గడువు 91, 182 లేదా 364 రోజులు. సాధారణంగా బుధవారాల్లో రిజర్వు బ్యాంకు వేలం వేస్తుంది. ఇక్కడ పాడేది మాత్రం అప్పిచ్చేవాళ్లు. విడిగా వడ్డీ ఉండదు. పదివేల బిల్లు 9,860 రూపాయలకు దొరికిందనుకోండి, 91 రోజులకు పదివేలు చేతికొస్తాయి. ఆ 140 రూపాయలే మన రాబడి. దానిమీద ఆదాయపు పన్ను ఉంటుంది సుమండీ!

1997 ఏప్రిల్‌లో ఆపేసేదాకా ఇంకో దారి ఉండేది. లోటు పడితే ప్రభుత్వం ‘అడ్‌హాక్’ బిల్లు రాసిచ్చేది, రిజర్వు బ్యాంకు డబ్బిచ్చేది. కొత్త నోట్లన్నమాట! ధరలు పెరగవూ మరి? ఆపడం మంచి పనే అంటాను నేను.

కూతురి ఫీజుకు దాచిన డబ్బు ఆరునెలలు ఎక్కడ పెట్టనని మా పిన్ని అడిగింది. ఇదివరకు తెలిసినావిడ చీటీలో పోగొట్టుకుంది పాపం. 182 రోజుల బిల్లు చూడమన్నాను. 2021 నవంబరులో మొదలైన రిటైల్ డైరెక్ట్ పథకంలో పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ఉంటే రిజర్వు బ్యాంకు దగ్గరే ఉచితంగా ఖాతా తెరవచ్చు. కనీసం పదివేలు పెట్టాలి. మనం ధర పాడక్కర్లేదు, వేలంలో తేలిన సగటు ధరకే ఇస్తారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ కంటే ఎక్కువే వస్తుందని చెప్పలేను, పోల్చి చూసుకోండి. గడువులోగా డబ్బు కావాలంటే అమ్ముకోవచ్చు గానీ, ఆనాటి ధరెంతో అంతే వస్తుంది.